దాచుకునే ఫైలు

మా స్టూడియో ఓనరు గారికి ఒక నియమం ఉండేది. కొత్తగా పనిలో చేరినవాళ్ళు కస్టమరు ఫొటో ముట్టుకోకూడదు. "ఊళ్ళోవాళ్ళ మొహాలు పాడుచేసి నేర్చుకుంటావేంటమ్మా? నీ మొహం మీద నేర్చుకో. ఇంటికెళ్ళి నీ చిన్నప్పటి ఫొటో ఒకటి పట్రా" అన్నారు నాతో మొదటిరోజే.

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి ఎంతో కాలం కాలేదు. రాజమండ్రి స్టూడియోల్లో ఫిల్ములు కడిగే చీకటిగదులు మూతపడి, ఆ గదుల్లోకే కంప్యూటర్లు వచ్చి కూర్చుంటున్న రోజులు. నేను పీజీడీసీఏ అనే కంప్యూటరు కోర్సు చదివాను. ఆ చదువు చూసి ఎవరూ పిలిచి ఉద్యోగం ఇవ్వలేదు కాబట్టి, మేనత్త ఇంట్లో ఉంటూ కోటగుమ్మం దగ్గరి ఒక స్టూడియోలో చేరాను. అమ్మా నాన్నగారూ రావులపాలెం అవతల కాలవగట్టు మీది ఊళ్ళో ఉండేవారు. నాన్నగారు అక్కడ రైసుమిల్లులో గుమాస్తా. ఆదివారం బస్సెక్కి వెళ్ళి నా ఫొటో తెచ్చుకున్నాను.

చిన్నప్పటిది నాకున్నది అదొక్కటే. అరచేతిలో పట్టేంత నలుపు తెలుపు బొమ్మ, చుట్టూ రంపపు పళ్ళలా కత్తిరించిన అంచు. మూడేళ్ళ పిల్ల ముక్కాలిపీట పక్కన నిలబడి ఉంటుంది. బుగ్గ మీద దిష్టిచుక్క. ఒక చెయ్యి గౌను అంచుని పిసుకుతూ ఉంటుంది. రెండో చెయ్యి పక్కకి చాపి ఉంటుంది కానీ, మణికట్టు దాటాక ఆ చెయ్యి చీకట్లోకి వెళ్ళిపోతుంది. ఆ పక్కంతా నలుపు, నలుపు మీద వరదనీటి మరక. ఆ చెయ్యి ఏమైందని చిన్నప్పుడు అడిగితే, "తెర పట్టుకున్నావే" అనేది అమ్మ. తీర్థంలో, అంటే మా వైపు ఊరి జాతరలో, ఫొటోలవాళ్ళు వేసిన గుడారంలో తీయించిందట.

నాకది బాగా గుర్తుంది కూడా. నల్లగుడ్డలో తల దూర్చిన మనిషి, గౌను మెడ దగ్గర కుట్టు గుచ్చుకోవడం, చేతికి తగిలిన బట్ట మెత్తదనం. నా చిన్నతనంలో అన్నిటికంటే పాత జ్ఞాపకం అదేనని కాలేజీలో స్నేహితురాళ్ళకి గొప్పగా చెప్పుకునేదాన్ని.

ఓనరు గారు ఆ ఫొటోని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుంది, కావలసినన్ని రోగాలున్నాయి దీనికి" అన్నారు. "ముందు స్కాన్ చెయ్యి. దాన్నే రకరకాల ఫార్మాట్లలో సేవ్ చెయ్యి. అన్నీ తెరిచి పక్కపక్కన పెట్టుకుని చూడు. తేడా కనపడేదాకా నన్ను పలకరించకు."

పలకరించకుండా ఉండడం నాకు పుట్టుకతో రాని విద్య. బీఎంపీలో సేవ్ చేశాను. ఆ ఒక్క ఫైలుతో కంప్యూటరు ఆయాసపడింది. ఫ్లాపీలోకి ఎక్కించబోతే చోటు లేదంది. ఇల్లు మారేటప్పుడు కొబ్బరిచిప్పలు కూడా మూటకట్టుకుని పోయే రకం అది. టిఫ్ కూడా ఏదీ పారెయ్యదు, కాకపోతే కాస్త మడతపెట్టి సర్దుకుంటుంది. తర్వాత జిఫ్. ఇంటర్నెట్టు సెంటర్లలో గెంతుతూ కనపడే చిన్నచిన్న బొమ్మలన్నీ అవే. రెండువందల యాభై ఆరు రంగులకి మించి పెట్టుకోదని పుస్తకంలో చదివాను, కానీ నా ఫొటో అందులో ముత్యంలా ఉంది. ఫైలు కూడా చిన్నది. పరుగెత్తుకెళ్ళి ఇంక మనకి ఇదొక్కటి చాలండి అన్నాను. ఆయన నవ్వారు. "నీ ఫొటోలో రంగులే లేవు కదమ్మా. నలుపు నించి తెలుపు దాకా దానికి ఆ మెట్లు సరిపోతాయి. పెళ్ళిఫొటో ఒకటి పెట్టి చూడు." పెట్టాను. పెళ్ళికూతురి బుగ్గలు పసుపు మరకలూ ఎర్ర మరకలూగా విడిపోయి, పాపం ఆ పిల్లకి ఏదో చర్మవ్యాధి వచ్చినట్టు కనపడింది.

అసలు పేచీ జేపెగ్ దగ్గర వచ్చింది. అందులో సేవ్ చేసేటప్పుడు ఒక చిన్న గీత కనపడుతుంది, దాని మీద మీట అటు జరిపితే ఫైలు చిన్నదవుతుంది, ఇటు జరిపితే పెద్దదవుతుంది. చిన్నది చేసినప్పుడు బొమ్మలోంచి కొంత పోతుంది. ఏది పోతుందని అడిగాను.

"మన కన్ను కనిపెట్టలేనిది పోతుంది."

"ఎవరి కన్నండీ?"

"ఎవరి కన్నేంటమ్మా, మనిషి కన్ను."

"నా కన్నూ మా అమ్మ కన్నూ ఒకటేనా? నాకు అక్కర్లేనిది ఆవిడకి కావచ్చు కదా?"

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. విసుగొస్తే అలా పెట్టేవారు. "చూడమ్మా, ఒక్క ముక్క గుర్తుపెట్టుకో, నీకు అన్నం పెడుతుంది. జేపెగ్ పంపించడానికి, టిఫ్ దాచుకోవడానికి. అంతే."

గుర్తుపెట్టుకున్నాను కానీ వినలేదు. టిఫ్ తెరుచుకోవడానికి చాలాసేపు పట్టేది, జేపెగ్ ఠక్కున వచ్చేది. మీట బాగా కిందికి జరిపి చేసిన చిన్న జేపెగ్‌నే ముందు పెట్టుకుని, తీరిక దొరికినప్పుడల్లా దాన్ని దిద్దుతూ కూర్చున్నాను. నుదుటి మీది మడత తీశాను. జుట్టులో పడిన తెల్లగీతలు పూడ్చాను. మచ్చలు తుడిచే పరికరంతో బుగ్గ మీద రాస్తుంటే దిష్టిచుక్క కూడా మచ్చల్లో కలిసి తుడుచుకుపోయింది. గతుక్కుమని, మౌసుతో మళ్ళీ చుక్క పెట్టాను. నాకు నేనే దిష్టిచుక్క పెట్టుకుంటున్నానని నవ్వుకున్నాను కూడా. ఆ నల్లటి పక్క మాత్రం ఎంత దిద్దినా గళ్ళుగళ్ళుగా ఉండేది. విసుగెత్తి, దాన్నంతా ఒకే నలుపుతో నింపేశాను.

ఓనరు గారు వెనక నిలబడి చూశారు. మొహం బాగా చేశావన్నారు. "మరి ఈ పక్క తారు పోశావేంటి?"

"చీకటండీ అది. గళ్ళుగళ్ళుగా ఉంటే నింపేశాను."

"చీకటి ఎక్కడుందమ్మా, అవి నీ జేపెగ్ చేసిన గళ్ళు. నలుపులో ఉన్న చిన్నచిన్న తేడాలు కన్ను పట్టుకోదని అది ఊడ్చేసింది. పాత ప్రింట్లలో నలుపు ఊరికే ఉండదు. టిఫ్ తీసి, లెవెల్స్ లాగి వెలుగు పెంచి చూడు."

భోజనాల వేళ దాటి, అప్పుడే కరెంటు వచ్చింది. వీధిలో అరటిపళ్ళ బండివాడు అరుస్తున్నాడు. నేను టిఫ్ తెరిచి, ఆ నల్లటి పక్కని మాత్రం పట్టుకుని, వెలుగు కొద్దికొద్దిగా పెంచాను. నలుపు పలచబడింది. ముందు నిలువుగా ఒక గీత కనపడింది. మరక అనుకున్నాను. ఇంకాస్త లాగాను. గీత కాదు, తాడు. తాడు కింద చీరకొంగు, అంచు చారలతో సహా. కొంగు మధ్యలో బరువుకి జారిన మడత. ఆ మడతలోంచి బయటికి వచ్చిన ఒక చిన్న పాదం.

చీర ఉయ్యాల అది. గౌను పిల్ల చెయ్యి తెరని పట్టుకోలేదు. ఉయ్యాల తాడు పట్టుకుని ఊపుతోంది.

తీర్థం గుడారంలో దూలమెక్కడిది, దూలానికి ఉయ్యాలెక్కడిది? ఉయ్యాల వెనక బొట్లు పెట్టిన గడప కూడా లీలగా తెలుస్తోంది. అది ఎవరిదో ఇల్లు. ఉయ్యాలలో ఎవరో పసిపిల్ల. పాదం మీదికి వెళ్ళి ఇంకా దగ్గరికి లాగాను. నా ఎడమకాలి చిటికెనవేలు పక్కవేలి మీదికి ఎక్కి ఉంటుంది, పుట్టినప్పటి నించీ అంతే. కంప్యూటరు తెర మీది పాదానికీ అలాగే ఉందనిపించింది. ఇంకా దగ్గరికి లాగితే వేళ్ళు చెదిరిపోయి ఉత్త చదరాలు మిగిలాయి. వెనక్కి వస్తే మళ్ళీ వేలు. బల్ల కింద చెప్పు విప్పి నా కాలు చూసుకున్నాను. ఆ పని ఎందుకు చేశానో తెలియదు, అది నా కాలని నాకు తెలియక కాదు.

నాకంటే ముందు ఒక పిల్ల పుట్టి పోయిందని ఎప్పుడో ఎవరో అనగా విన్నాను. పురిట్లో పోయి ఉంటుందనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

అప్పుడు మొహం వైపు చూశాను. ఇన్నాళ్ళూ నాదనుకుని కనుబొమలు సరిచేసి, పెదవుల మీది గీతలు తుడిచి, చుక్క పెట్టిన మొహం. ఆ పిల్ల నన్నే చూస్తోంది. ఫొటోలో ఎవరైనా చూసేవాళ్ళనే చూస్తారని నాకూ తెలుసు. అయినా కుర్చీలోంచి లేచి పక్కకి తప్పుకున్నాను.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. పనిచేస్తూనే ఉన్నాను, తింటూనే ఉన్నాను. కానీ అద్దంలో తల దువ్వుకుంటుంటే, ఆ మూడేళ్ళ మొహం పెద్దదై నా మొహం అయిందని ఇన్నాళ్ళూ నమ్మానే, అది పెద్దదవనే లేదు కదా అనిపించి దువ్వెన ఆగిపోయేది. అన్నిటికంటే భయపెట్టినది ఆ జ్ఞాపకం. నల్లగుడ్డలో తల దూర్చిన మనిషిని చూసింది ఎవరు? మెడ దగ్గర కుట్టు గుచ్చుకున్నది ఎవరికి? అమ్మ చెప్పిన మాటల మీద నేను అల్లుకున్నానని బుద్ధికి తెలుస్తూనే ఉంది. కానీ చేతికి తగిలిన ఆ బట్ట మెత్తదనం గురించి అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. అది నాకెక్కడి నించి వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఒక్కొక్కసారి ఏ పనీ లేకుండా నా కుడిచెయ్యి గాలిలో మెల్లగా అటూ ఇటూ కదిలేది. చూసుకుని, ఒళ్ళో పెట్టుకునేదాన్ని.

కళ్ళజోడు మార్పించుకోవడానికి అమ్మ రాజమండ్రి వచ్చింది. స్టూడియో చూస్తానంది. తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, నేను నలుపు నింపిన జేపెగ్ ముందు తెరిచాను. మురిసిపోయింది. "ఎంత బాగా చేశావే" అని తెర మీద బుగ్గని వేలితో తాకింది. దాని పక్కనే టిఫ్ తెరిచాను.

"ఇదేంటో చెప్పు" అన్నాను. నెమ్మదిగా అడిగే ఓపిక నాకు లేకపోయింది.

ఓనరు గారు మా ఇద్దరి మొహాలూ చూసి, "నేను టీ తాగొస్తానమ్మా" అని చొక్కా సర్దుకుంటూ వెళ్ళిపోయారు.

అమ్మ నిలబడ్డ పిల్ల వైపు కాదు, ఉయ్యాల వైపు చూస్తోంది. "నిద్రపట్టగానే కాలు బయటికి పెట్టేసేదానివి. ఎన్నిసార్లు లోపలికి తోసినా అంతే" అంది చివరికి.

"అంటే ఆ కాలు నాది."

"నీదే."

"మరి ఈ పిల్ల?"

"అది ఊపితేనే పడుకునేదానివి. నేనూపితే ఏడ్చేదానివి." అమ్మ కొత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. "ఫొటోలవాడు సైకిలేసుకుని ఊళ్ళోకొచ్చాడు. మీ నాన్నగారు అప్పుడు మిల్లుకెళ్ళారు. పీట దగ్గర కుదురుగా నిలబడవే అంటే, తాడొదిలితే చెల్లి లేస్తుందని ఒదల్లేదు. అలాగే తీసేశాడు. ఆ ఏడు వానల్లో దానికి జ్వరమొచ్చింది. నీకింకా పళ్ళు కూడా రాలేదు."

మిగతాది ముక్కలు ముక్కలుగా చెప్పింది. పిల్ల పోయాక అమ్మ అన్నం మానేసి, దాని గౌనులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదట. ఇలాగైతే ఈ మనిషి కూడా దక్కదని భయపడి, నాన్నగారు గౌనులూ గాజులూ ఫొటోలూ అన్నీ మూటకట్టి గోదాట్లో వదిలేసి వచ్చారట. ఇదొక్కటి ముందే తీసి బియ్యండబ్బా అడుగున పెట్టింది అమ్మ. కొన్నేళ్ళకి వరదొచ్చి ఇంట్లో సామానంతా ఎండబెడుతుంటే ఆయన కంట్లో పడింది.

"ఏంటిదన్నారు. నీదే, తీర్థంలో తీయించానని నోటికొచ్చింది. నువ్వప్పుడు దానంత ఉన్నావు కదా, మొహం కూడా దాని పోలికే. ఆయన అంతకుముందు ఈ ఫొటో సరిగా చూసుండరనుకో. సరే జాగ్రత్తగా పెట్టన్నారు. ఇంక అదే అయిపోయింది."

"మరి నా ఫొటో ఏది?" నా గొంతు నాకే పెద్దగా వినపడింది.

"తియ్యలేదు."

"ఎందుకు తియ్యలేదు?"

"అది తీయించుకున్న ఏడే పోయింది. మళ్ళీ నిన్ను తీసుకెళ్ళి ఫొటోలవాడి ముందు నిలబెడతానా?"

నాకు చాలా కోపం వచ్చింది. నా బాల్యమంతా చూపించమంటే చీకట్లో ఒక కాలు, అంతేనా అని అరవాలనిపించింది. అరవలేదు. ఆ కోపం వెనకే ఏడుపు వచ్చింది. చెల్లి లేస్తుందని తాడు వదలని పిల్ల అది. నన్ను చెల్లి అన్న మనిషి ఒకరుండేవారని అప్పటిదాకా నాకు తెలియదు.

మన భాషలో దాచడం అంటే రెండున్నాయి, పదిలంగా ఉంచడం, కంటపడకుండా చెయ్యడం. కంప్యూటరులో సేవ్ అన్న మాటకి మొదటిదే తెలుసు. మా అమ్మకి రెండూ ఒకే పనిగా వచ్చాయి.

"పెద్దది చేసి ఇస్తావా?" అని అడిగింది. "ఏటా అది పోయిన రోజొస్తుంది. ఒక పువ్వు పెడదామంటే చెయ్యి రాదు. నీ ఫొటో అని అందరికీ చెప్పుకున్నాను. బతికున్న పిల్ల ఫొటోకి పువ్వు పెడతానా? ఈసారి మీ నాన్నగారికి చెప్పేస్తాను. ఆయనేమన్నా సరే, గోడకి పెట్టి దండ వేస్తాను."

"సరే, చేస్తాను. ఇదిగో, ఇలా ఉయ్యాలతో సహా."

అమ్మ కంగారుగా నా చెయ్యి పట్టుకుంది. "వద్దే తల్లీ. ఉయ్యాల కనపడనియ్యకు. దండ వేస్తే నీ మీద కూడా పడుతుంది."

"కాలొక్కటే కదమ్మా కనపడేది!"

"కాలు మాత్రం నీది కాదా?"

టీ తాగి వచ్చిన ఓనరు గారు విషయం విని, అయితే ఆ పక్క కత్తిరించేద్దామండీ అన్నారు. "వద్దండీ, దాని చెయ్యి పోతుంది" అంది అమ్మ. చెయ్యి ఉండాలి, చెయ్యి పట్టుకున్నది కనపడకూడదు. అలా చేయగలిగింది చీకటి ఒక్కటే. నేను లెవెల్స్ వెనక్కి జరుపుతూ వచ్చాను. పాదం పోయింది, కొంగు అంచు పోయింది, తాడు పోయింది. ఉయ్యాల కనపడే టిఫ్‌ని ఒక సీడీలో ఎక్కించి నా పెట్టెలో పెట్టుకున్నాను. చీకటి మూసినదాన్ని జేపెగ్ చేసి, కలర్ ల్యాబుకి ప్రింటుకి పంపాను.

అమ్మ చెప్పిన ఆ రోజున ఫ్రేము కట్టించిన ఫొటోని పేపర్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. రావులపాలెం వంతెన మీద ఎప్పుడూ కిటికీలోంచి నీళ్ళు చూసేదాన్ని. ఆ రోజు చూడలేకపోయాను. గౌనులూ గాజులూ ఎప్పుడో కొట్టుకుపోయి ఉంటాయి. ఫొటోల మీది బొమ్మలు నీళ్ళలో ఎంతసేపు ఉండి ఉంటాయోనని, మొహం ముందు పోయిందా, దిష్టిచుక్క ముందు పోయిందా అని పిచ్చి ఆలోచనలు వచ్చాయి. వంతెన దాటేదాకా ఫ్రేముని రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నాను.

ఇంట్లో అమ్మ చేమంతి దండ తెప్పించి, తడిగుడ్డ కప్పి ఉంచింది. నాన్నగారు వసారాలో కుర్చీలో ఉన్నారు. నేను పేపరు విప్పి ఫ్రేము ఆయన చేతికిచ్చాను. అమ్మ దండ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఎన్నాళ్ళుగా ధైర్యం కూడదీసుకుందో, ఒక్క గుక్కలో చెప్పేసింది.

"అది చిన్నదానిది కాదండి. పెద్దదాని ఫొటో. ఆ రోజు మీతో అబద్ధం చెప్పాను. దండ వేస్తానండి."

నాన్నగారు కళ్ళజోడు పెట్టుకుని, ఫ్రేముని వెలుతురు వైపు తిప్పారు. అద్దం మీద మెరుపు పోయేలా కాస్త వంచారు. పిల్ల మొహం చూశారు. తర్వాత ఆయన వేలు ఆ చాపిన చెయ్యి వెంట నడిచి, మణికట్టు దాటి, నల్లటి చోట ఆగింది. అక్కడ అద్దాన్ని పంచె కొంగుతో తుడిచి మళ్ళీ చూశారు.

"పెద్దది చేయిస్తే ఉయ్యాల కూడా కనపడుతుందనుకున్నానే" అన్నారు నాతో.

అమ్మ దండ పట్టుకునే ఆయన దగ్గరికి వచ్చింది. "మీకు తెలుసా?" అంది.

"దూలానికి కట్టింది నేనే కదా" అన్నారాయన, ఫొటో మీది నించి కళ్ళు తియ్యకుండా.